పాత సైకిలుకు జీర్ణోద్ధారణ

మన ఊళ్లలో ఏ పెరటిలోకి తొంగిచూచినా, ఏ వసారా మూలకు దృష్టి మరల్చినా, ఒక పాత సైకిలు గోడకు చేరగిలబడి కనిపించడం అరుదు కాదు. గాలి దిగిన చక్రాలు, పగిలిన సీటు, తుప్పుపట్టిన హ్యాండిలు, దాని మీద ఆరవేసిన తడి తువ్వాలు - ఇదీ దాని అవతారం. దానిని అమ్మరు, పారవేయరు, తొక్కరు. 'తాతగారి సైకిలు' అనే గౌరవం మాత్రం దానికి దక్కుతుంది. కాని ఆ గౌరవం ఏనాడూ ఒక్క నూనెబొట్టు రూపం దాల్చదు. ఏ పండుగకో ఇంటికి సున్నం వేయిస్తూ ఉండగా యజమానికి హఠాత్తుగా దాని మీద దయ పుట్టుకొస్తుంది. కిటికీలకు వేయగా డబ్బాలో మిగిలిన ఆకుపచ్చ రంగు సైకిలుకు కూడా ఎక్కుతుంది. తుప్పు మీద, దుమ్ము మీద, చివరకు చైను మీద సైతం కుంచె నడుస్తుంది. నాలుగు వానలు కురిసేసరికి ఆ పచ్చదనం పొలుసులు పొలుసులుగా రాలిపోతుంది. పిదప యజమాని, 'పాత ఇనుముకు ఎంత చేసినా ఇంతే' అని వేదాంతం చెబుతాడు.

ఇట్టి అలంకారానికి జీర్ణోద్ధారణ అనే పేరు తగదు. పాత సైకిలును ఇంటివద్దనే విప్పి, బాగుచేసి, రంగు వేసుకోవడం ఉత్తమమైన పని అనీ, విద్యార్థులకు ఇంత చవకలో ఇంతకన్న మంచి ప్రయోగశాల దొరకదనీ నా అభిప్రాయం. అయితే అందులో రంగు చివరి పని. మొదటి పని కాదు. ఈ వరుస తలక్రిందులైనచోట సైకిలూ బాగుపడదు, చదువూ ఒంటబట్టదు. ఈ రెండు మాటలనూ సమర్థించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

యంత్రాలన్నిటిలోనూ సైకిలుకు ఒక విశిష్టత ఉన్నది. అది ఏదీ దాచుకోదు. గడియారం మూత వెనుక దాగి ఉంటుంది. నేటి చేతిఫోను విప్పినా అర్థం కాదు. సైకిలు మాత్రం తన ఎముకలూ, కీళ్లూ, నరాలూ బయటపెట్టుకొని మన ఎదుట నిలుస్తుంది. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ 'రోవర్' అనే సైకిలును తయారుచేసి, సమానప్రాయమైన రెండు చక్రాలు, వెనుక చక్రాన్ని త్రిప్పే చైను అనే రూపాన్ని స్థిరపరచాడు. 1888లో డన్లప్ గాలి టైరును అమర్చాడు. ఆ పిమ్మట ఎన్ని మెరుగులు వచ్చినా ఆ మూలరూపం మాత్రం చెక్కుచెదరలేదు. రైటు సోదరులు 1892లో డేటన్ పట్టణంలో సైకిలు దుకాణం తెరచినవారే. 1903లో వారు ఎగురవేసిన విమానంలో ఇంజను శక్తిని ప్రొపెల్లర్లకు అందించినవి కూడ చైనులూ పళ్లచక్రాలే. సైకిలు దుకాణాన్ని చిన్నచూపు చూచేవారు ఈ సంగతిని ఒకసారి మననం చేసుకొనడం మంచిది.

మన దేశంలో ఒకప్పుడు సైకిలు అంటే ర్యాలీ, హెర్క్యులిస్, హంబర్ మున్నగు సీమ సరుకే. స్వాతంత్ర్యం వచ్చిన పిమ్మట కర్మాగారాలు ఇక్కడనే వెలసినవి. 1951లో సోనేపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలైనవి. మద్రాసు చెంత అంబత్తూరులో హెర్క్యులిస్ సైకిళ్లు తయారుకాసాగినవి. బడిపంతులు, తపాలా బంట్రోతు, పాలవాడు, గుమాస్తా - మన నడిమి తరగతి సంసారాలన్నీ ఆ రెండు చక్రాల మీదనే సాగినవి. కాలం మారింది. అట్లాస్ వారి సాహిబాబాద్ కర్మాగారంలో పని 2020 జూన్ 3న నిలిచిపోయింది. ఆ తేదీ ప్రపంచ సైకిలు దినోత్సవం కావడం విధివైపరీత్యమే. అయినా ఒక అదృష్టం మిగిలింది. ఆ పాతరకం పెద్ద సైకిలుకు కావలసిన 28 అంగుళాల టైర్లు, బ్రేకు రబ్బర్లు, గోళీలు, చైనులు నేటికీ దొరుకుతూనే ఉన్నవి. కనుక దానిని బ్రతికించడం అసాధ్యం కాదు.

పని మొదలుపెట్టేవారికి కావలసిన మొదటి పరికరం పానా కాదు, ఒక నోటుపుస్తకం. ఏ మర ఎక్కడి నుండి ఊడినది, ఏ వాషరు ఏ ప్రక్కన ఉన్నది, ఏ కడ్డీ దేని మీదుగా వెళ్లినది బొమ్మ గీసుకొని మరీ విప్పవలె. విప్పిన భాగాలను ఒక్కొక్క చోటివి ఒక్కొక్క డబ్బాలో వేసి చీటీ అంటించవలె. విప్పడం ఎవరికైనా వస్తుంది. తిరిగి బిగించేనాడు గాని మన జ్ఞాపకశక్తి ఎంతటిదో తెలియదు. ముందు చక్రంలో 32, వెనుక చక్రంలో 40, వెరసి 72 పుల్లలు ఆ సైకిళ్లకు సామాన్యం. సవారీ బరువు వెనుక చక్రం మీద ఎక్కువగా పడుతుంది గనుక దానికి పుల్లలు ఎక్కువ. ఇది చూచి తెలుసుకొన్న పిల్లవానికి బలవిభజన అనే పాఠం వేరే చెప్పనక్కరలేదు.

ఇక మరల విషయం. కుడికి త్రిప్పితే బిగియడం, ఎడమకు త్రిప్పితే వదులు కావడం లోకరీతి. ఎడమ పెడలు మాత్రం ఈ రీతికి లోబడదు. దాని మర ఎడమచుట్టు. తొక్కేటప్పుడు పుట్టే ఒరిపిడికి అది తనంతట తాను ఊడిపోకుండా పూర్వులు చేసిన ఏర్పాటది. ఈ సంగతి తెలియక బలప్రయోగం చేసినవారు క్రాంకు మరను నాశనం చేసిన ఉదాహరణలు అనేకం. మొండికెత్తిన మరకు కావలసినది బలం కాదు, ఓర్పు. రెండు చుక్కల కిరసనాయిలు వేసి ఒక రాత్రి ఊరుకొంటే మరునాడు అది మాట వింటుంది.

చైను సంగతి చూడండి. పిన్ను నడిమి నుండి పిన్ను నడిమికి కొలిచినచో 24 లంకెలు సరిగా 12 అంగుళాలు ఉండవలె. అరిగినకొద్దీ అది సాగినట్లు కనిపిస్తుంది. అంగుళంలో ఎనిమిదోవంతు హెచ్చితే చైను మార్చవలసినదే. లేకున్న అది పళ్లచక్రాన్ని కూడా తినివేస్తుంది. ముందు పళ్లచక్రానికి 48, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్లు ఉన్నవనుకొందాం. పెడలు ఒక చుట్టు తిరిగేసరికి 28 అంగుళాల చక్రం రెండూ మూడింట రెండు చుట్లు తిరిగి, బండి దాదాపు పందొమ్మిదిన్నర అడుగులు ముందుకు పోతుంది. నిష్పత్తి, వృత్తపరిధి, పై విలువ - ఈ మూడూ నల్లబల్ల దిగి వచ్చి చేతికి అందుతాయి. సుద్దముక్కతో నేలమీద గీతలు గీసి కొలిచి, లెక్క సరిపోయినదో లేదో పిల్లలే తేల్చుకొనవచ్చును.

ఇరుసులలోని ఉక్కు గోళీలను తీసి, కిరసనాయిలుతో కడిగి, వెలుతురులో చూడవలె. ఒక్కదాని మీద గుంట పడినా ఆ గుంపు మొత్తం మార్చడమే న్యాయం. పాతవాటి మధ్య ఒక కొత్త గోళీ చేరితే బరువంతా దాని మీదనే పడుతుంది. చైనుకు కొబ్బరినూనె పోయడం మన ఇళ్లలో పరిపాటి. అది కొన్నాళ్లకు జిగురుగా మారి దుమ్మును ఆకర్షిస్తుంది. యంత్రానికి యంత్రపు నూనె, గోళీలకు గ్రీజు - ఇదే ధర్మం. మన సైకిలు దుకాణాలవారు ఈ క్రతువునంతటినీ కలిపి 'ఓవరాయిలింగు' అని ముద్దుగా పిలిచేవారు. పేరు వంకర పోయినా పని వంకర పోలేదు.

తుప్పు విషయం కొంచెం విపులంగా చెప్పవలె. ఇనుము, నీరు, ప్రాణవాయువు - ఈ మూడూ కలిసినచోట తుప్పు పుడుతుంది. ఉప్పుగాలి తోడైతే దాని వేగం హెచ్చుతుంది. మచిలీపట్నంలోనూ కాకినాడలోనూ సైకిళ్లు త్వరగా శిథిలమై, అనంతపురంలో అంతగా కాకపోవడానికి ఇదే కారణం. అల్యూమినియం మీద ఏర్పడే పొర దానికి కవచమై నిలుస్తుంది. ఇనుము తుప్పు అట్లు కాదు. అది పొంగి, పగిలి, పొరలుగా ఊడి లోపలి ఇనుమును మళ్లీ గాలికి అప్పగిస్తుంది. తుప్పు మీద రంగు వేసినవాడు దొంగను లోపల పెట్టి తలుపు వేసినవానితో సమానుడు. పైన రంగు నిగనిగలాడుతూ ఉండగానే లోపల దొంగ తన పని తాను చేసుకొనిపోతాడు. చిన్న చిన్న మరలను నిమ్మఉప్పు కలిపిన నీటిలో కొన్ని గంటలు నానబెట్టి, కడిగి, వెంటనే తుడిచి నూనె పూస్తే తుప్పు వదులుతుంది. చట్రానికి మాత్రం ఉప్పుకాగితమూ, మోచేతి సత్తువా తప్పవు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పాత రంగులలో సీసం ఉండే అవకాశం ఉన్నది. మన దేశంలో ఇళ్లకు వేసే రంగులలో సీసం పదిలక్షల భాగాలకు 90 భాగాలను మించరాదని 2016లో నిబంధనలు వెలువడి, 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చినవి. అంతకు పూర్వపు రంగులకు ఏ పూచీ లేదు. సీసపు ధూళి పిల్లల మెదడుకు హాని చేస్తుంది. కాబట్టి పాత రంగును పొడిగా రుద్దరాదు. నీటితో తడిపి రుద్దవలె. ముక్కుకు మంచి మాస్కు కట్టుకొనవలె. క్రింద కాగితం పరచి, రాలిన రంగును పోగుచేసి మూటగట్టి పారవేయవలె. చేతులు కడుగకుండా అన్నానికి కూర్చొనరాదు. ఈ ఒక్క పని పెద్దలు చేసి, మిగిలినవి పిల్లలకు వదలడం ఉత్తమం.

రంగు తీసివేసిన చట్రం నిజం పలుకుతుంది. గొట్టాలు కలిసే కీళ్లవద్ద సన్నని పగులు ఉన్నదేమో చూడవలె. ముందరి గొట్టానికి వెనుకగా, క్రింది గొట్టం అడుగున చిన్న ఉబ్బు ఉంటే ఆ సైకిలు ఎప్పుడో దేనినో ఎదురుగా ఢీకొన్నదని అర్థం. ఇట్టివి కనిపించినప్పుడు చక్కగా లప్పం పెట్టి, పైన రంగు వేసి కప్పివేయడం సులభమే. కాని ఆ సైకిలును రేపు తొక్కేది మన బిడ్డ. పగిలిన చట్రాన్ని అనుభవజ్ఞుడైన పనివానికి చూపి, అతడు పనికిరాదన్నచో విడిచిపెట్టవలె. రంగు వేసే ముందు దానిని గీకి చూడడమే నిజాయితీ.

ఇప్పుడు రంగు వంతు. శుభ్రపరచిన ఇనుమును చేతితో కూడ తాకకుండా, ముందుగా రెడ్ ఆక్సైడ్ ప్రైమరు పూయవలె. ఇందులో ఒక చమత్కారం ఉన్నది. ఆ ఎర్రని పొడి కూడ ఇనుమూ ప్రాణవాయువూ కలిసి ఏర్పడినదే, అనగా తుప్పుకు దాయాది. విడిగా ఉన్నప్పుడు ఇనుమును తినే వంశమే, తగిన జిగురులో కుదురుగా కూర్చున్నప్పుడు ఇనుముకు కాపలా కాస్తుంది. ప్రైమరు ఆరిన పిమ్మట నున్నగా రుద్ది, ఎనామిలు రంగును పలుచని పూతలుగా రెండు మూడు మారులు వేయవలె. ఒక్క దట్టపు పూత కన్న మూడు పలుచని పూతలు మేలు; దట్టంగా వేసినది జారి కన్నీటిచారలు కడుతుంది. వానకాలంలోనూ, దుమ్ము లేచే గాలిలోనూ ఈ పని తలపెట్టరాదు. దరిదాపుల నిప్పు ఉండరాదు. మరలకూ, గోళీలు తిరిగే గిన్నెలకూ, బ్రేకు రబ్బరు తాకే రిమ్ము అంచుకూ రంగు అంటరాదు. రిమ్మును అందంగా రంగులో ముంచినవాడు ఇంటి వాకిట మెప్పు పొంది, వీధి మలుపులో బ్రేకు పట్టక చింతిస్తాడు. తాకి చూస్తే ఆరినట్లున్న రంగు నిజంగా గట్టిపడడానికి ఇంకా చాలా రోజులు పడుతుంది. ఆ రోజులు ఓపిక పట్టలేనివారే ఎక్కువమంది.

రంగు విషయంలో పెద్దలలో ఒక అభిప్రాయభేదం కలదు. పాతదంతా గీకివేసి కొత్త పెండ్లికూతురువలె తీర్చాలని కొందరు. వయసు మచ్చలతో సహా ఉన్నదున్నట్లు ఉంచాలని కొందరు. మన దేవాలయాలు ఈ వివాదానికి సమాధానం చెప్పగలవు. జీర్ణోద్ధారణ పేరిట స్తంభాలకు సున్నం మీద సున్నం కొట్టి, శాసనాల అక్షరాలను పూడ్చివేసిన పుణ్యాత్ములు మనకు కొత్త కాదు. గుడి తెల్లబడింది, చరిత్ర నల్లబడింది. సైకిలుకూ ఒక శాసనం ఉన్నది. ముందరి గొట్టం మీది ఇత్తడి బిళ్ల, చట్రం మీద చెక్కిన సంఖ్య, మడ్‌గార్డు మీద చేతితో గీసిన బంగారు గీత - ఇవి దాని జన్మపత్రిక. బిళ్లను చింతపండుతో తోమి మరల అమర్చవలె. సంఖ్యను పూడ్చరాదు. పాత రంగు గట్టిగా పట్టుకొని ఉన్నచోట దానిని అట్లే ఉంచి, తుప్పు ఉన్నచోట మాత్రమే బాగుచేసినా చాలును. తొక్కడానికి పనికిరావడం మొదటి ధర్మం, తన గుర్తింపు తనకు మిగలడం రెండవది, మెరుపు మూడవది. నేను ఈ వరుసను మార్చడానికి సమ్మతించను.

ఇదంతా ఉపాధ్యాయులకు ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, చేతిపని ద్వారా చదువు అనే మాట మనకు కొత్త కాదు గనుక. 1937లో వార్ధాలో గాంధీజీ ఆ సిద్ధాంతాన్ని దేశం ముందు ఉంచారు. తరువాత చాలా బడులలో అది కాలనిర్ణయ పట్టికలో ఒక గడిగా మిగిలి, ఆ గడిలో లెక్కల పంతులుగారు లెక్కలు చెప్పుకొన్నారు. 2020 నాటి జాతీయ విద్యావిధానం 6 నుండి 8 తరగతుల నడుమ పది రోజులపాటు పుస్తకాల సంచి లేకుండా, వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలులు మున్నగు స్థానిక నిపుణుల వద్ద పిల్లలు పని నేర్వవలెనని చెప్పినది. ఆ పది రోజులను విహారయాత్రతోనూ, రంగుకాగితాల పోటీలతోనూ గడపడం సులభం. నా మనవి ఒక్కటే: ప్రతి ఉన్నత పాఠశాలా ఆ రోజులలో ఒక్క పాత సైకిలును చేతబట్టవలె. వీధి చివరి సైకిలు మేస్త్రీని పిలిచి, కుర్చీ వేసి కూర్చుండబెట్టి, ఆ పది రోజులకు ఆయనను గురువుగా గౌరవించి, తగిన ప్రతిఫలం ఇవ్వవలె.

దీనిలో అలంకారం కన్న పెద్ద విషయం ఒకటి ఉన్నది. బీహారులో 2006లో ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరిన బాలికలకు సైకిళ్లు సమకూర్చింది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు ఆ పథకాన్ని పరిశీలించి, వయసుకు తగిన కాలంలో ఉన్నత పాఠశాలలో చేరిన బాలికలు 32 శాతం పెరిగారనీ, బాలబాలికల మధ్య అంతరం 40 శాతం తగ్గిందనీ 2017లో ప్రకటించారు. అనగా ఒక సైకిలు ఒక ఆడపిల్ల చదువుకు ద్వారం తెరవగలదు. అయితే చైను తెగిననాడు, ట్యూబుకు చిల్లు పడిననాడు ఆ ద్వారం మళ్లీ మూసుకొనిపోతుంది. సైకిలు ఇచ్చి, దానిని నిలబెట్టుకొనే విద్య ఇవ్వకపోవడం సగం దానమే. పంచరు వేయగల బాలికకు ఎవరికోసమూ దారిలో నిలబడి ఎదురుచూడవలసిన పని ఉండదు.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. పాతదానికి పెట్టే ఖర్చుతో కొత్తది వస్తుంది కదా అంటారు. కొన్ని సైకిళ్ల విషయంలో అది నిజమే. అట్టివాటిని విడిభాగాలకు వాడుకొనవచ్చును. కాని కొత్త సైకిలుతో ఈ విద్య రాదు. పరీక్షలకు కాలం చాలదంటారు. తుప్పు, ఒరిపిడి, నిష్పత్తి, వృత్తపరిధి - ఇవి పరీక్షలో లేనివా? ఈ రెండింటికన్న లోతైన ఆక్షేపణ ఒకటి ఉన్నది. దానిని ఎవరూ పైకి అనరు. 'చదువుకొనే పిల్లల చేతికి గ్రీజు అంటడమా?' అన్నదే అది. మన సమాజంలో చేతికి మసి అంటినవానిని అరుగు మీదికి రానీయని అలవాటు తరతరాలది. ఆ అలవాటు ఉపన్యాసాలతో పోదు. మేస్త్రీ పక్కన పీట మీద కూర్చొని, అతడు వేలికొసలతో ఇరుసు వదులును పసిగట్టి బిగించే నేర్పును కళ్లారా చూచిన పిల్లవాడు ఇక అతనిని ఏకవచనంలో పిలువలేడు. చక్రానికి బెండు తీయడం నాలుగు రోజులలో వచ్చే విద్య కాదని తాను తీయబోయి తెలుసుకొంటాడు. ఆ తెలిసిరావడమే చదువు.

కాబట్టి ఉపాధ్యాయులు ఈ సెలవులలోనే, బడి ఎదురుచూచే పది రోజుల కన్న ముందుగా, తమ పెరటిలోని సైకిలు మీది తడి తువ్వాలును తీసి దండెం మీద వేయవలసిందిగా కోరుతున్నాను. విద్యార్థులు ఒక నోటుపుస్తకం, కొన్ని ఖాళీ డబ్బాలు సిద్ధపరచుకొనవలె. ఏ రంగు కొనాలన్న ఆలోచన ఇప్పుడే వద్దు. ముందు ఎడమ పెడలు ఏ వైపు తిరుగుతుందో చూడండి.